టార్గెట్ ఏ రకంది పెట్టాలి, రోజును ఎలా నడపాలి: డెల్టాలో మిల్లు, షెడ్డు, చెరువు నడిపేవాళ్లకు పోలిక

భీమవరం పక్క రొయ్యల ప్లాంట్‌లో ఫ్లోర్ ఇన్‌చార్జ్, తణుకు వైపు రైస్‌మిల్లు మేనేజర్, కడియపులంకలో పాతికమందితో పని చేయించే నర్సరీ సూపర్‌వైజర్. ఈ ముగ్గురికీ ఏప్రిల్ మొదటి వారంలో పైనుంచి దాదాపు ఒకే కాగితం వస్తుంది: ఏడాదికి ఇంత, మూడు నెలలకి ఇంత, పోయినేటి మీద ఇంత శాతం ఎక్కువ. ముగ్గురూ దాన్ని గోడకి అంటిస్తారు. జూన్ వచ్చేసరికి ముగ్గురూ దానివైపు చూడటం మానేస్తారు. దానికి కారణం బద్ధకం కాదు. పని ఒక తీరున నడుస్తుంటే టార్గెట్ ఇంకో తీరున పెట్టారు.

అందుకే పద్ధతి ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ రోజు చేసిన పనికి ఫలితం ఎన్నాళ్లకి కంటపడుతుంది? ఆ ఫలితంలో మన చేతిలో ఉన్నదెంత, వానా కరెంటూ మార్కెట్టూ చేతిలో ఉన్నదెంత? రొయ్య పొట్టు తీసే పీలింగ్ టేబుల్ మీద ఫలితం గంటలో తూకానికొస్తుంది, అదంతా దాదాపు షెడ్డు చేతిలోనే ఉంటుంది. మిల్లులో నూక శాతం రెండు గంటల్లో తెలిసిపోతుంది, కానీ కల్లం నుంచి ఎంత తేమతో ధాన్యం వస్తుందో మనం శాసించలేం. వనామీ రొయ్యల చెరువులో మూడు నెలల పైన ఆగాలి, ఆ పట్టుబడి రోజున కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర ఎంత పలుకుతుందో ఎవరికీ తెలీదు. నర్సరీలో అంటు కట్టిన మొక్క లారీ ఎక్కడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ నలుగురికీ ఒకే రకం టార్గెట్ ఎలా సరిపోతుంది?

అంకె టార్గెట్: ఫలితం తొందరగా తెలిసే చోట

"మీ శక్తికొద్దీ చేయండి" అన్న మాట వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ పని జరిపించదు. మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్ 1968 నుంచీ, తర్వాత గ్యారీ లాథమ్‌తో కలిసీ చేసిన పరిశోధనలన్నీ ఒకటే చెప్పాయి: కచ్చితమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఇచ్చినవాళ్లు శక్తికొద్దీ చేయమన్నవాళ్ల కంటే ఎక్కువ సాధిస్తారు. దానికి రెండు షరతులున్నాయి. ఆ లక్ష్యాన్ని పనిచేసేవాళ్లు ఒప్పుకుని ఉండాలి, ఎంతవరకు వచ్చామో వాళ్లకి ఎప్పటికప్పుడు తెలియాలి. మన దగ్గర సాధారణంగా ఈ రెండో షరతే తప్పుతుంది. టార్గెట్ చెబుతారు, లెక్క మాత్రం నెలాఖరున ఆఫీసు గదిలో కంప్యూటర్‌కే తెలుస్తుంది.

మంచి టార్గెట్‌కి ఉండాల్సిన లక్షణాల ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో చేసిన స్మార్ట్ (SMART) అన్న పేరు అందరూ విన్నదే. 1981లో జార్జ్ డోరన్ రాసినప్పుడు అందులో 'ఏ' అక్షరానికి అర్థం 'ఎవరికి అప్పగించాం' అని. తర్వాత ట్రైనింగుల్లో అది 'సాధించగలిగేది' అయి కూర్చుంది. పాత అర్థమే మనకి పనికొచ్చేది. "నూక తగ్గించాలి" అని మీటింగ్‌లో అంటే మిల్లులో ప్రతివాడూ అది పక్కవాడి పని అనుకుంటాడు. అదే మాటని ఇలా రాయండి: జనవరి 31కి రెండో లైన్‌లో నూక 22 శాతం నుంచి 18కి రావాలి, పగలు షిఫ్ట్ ఆపరేటర్, రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ బాధ్యులు, రెండు గంటలకోసారి గ్రేడర్‌కి ముందు 100 గ్రాముల నమూనా తీసి, పూర్తి గింజలో ముప్పావు కంటే చిన్నవన్నీ ఏరి తూచాలి. నమూనా సరిగ్గా 100 గ్రాములే ఎందుకంటే, వచ్చిన గ్రాములే శాతం. రాత్రి 2 గంటలకి భాగహారం చేయమంటే ఎవరూ చేయరు.

అయితే అంకె టార్గెట్‌కి పెద్ద జబ్బు ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఎక్కువ చోట్ల పని చెడేది ఇక్కడే.

మిల్లుకి గంటకి 4 టన్నుల ధాన్యం ఆడాలని టార్గెట్ పెట్టారనుకోండి. ఆపరేటర్ ఏం చేస్తాడు? ఫీడ్ పెంచుతాడు. ఊక ఒలిచే షెల్లర్‌లో రబ్బరు రోలర్ల మధ్య సందు తగ్గించి బిగిస్తాడు, మొదటి పాసులోనే గింజలన్నీ ఊక వదలాలని. నిజానికి మొదటి పాసులో 85 శాతం దాకా వదిలితే చాలు, మిగిలింది సెపరేటర్ వెనక్కి పంపుతుంది. ఆ చివరి 15 శాతం కోసం బిగించిన కొద్దీ గింజ విరుగుతుంది. వేగంగా తిరిగే రోలరు ఎక్కువ అరుగుతుంది కాబట్టి రెండిటినీ అప్పుడప్పుడు అటూఇటూ మార్చాలి. మార్చాలంటే లైన్ ఆపాలి, ఆపితే టన్నులు తగ్గుతాయి, కాబట్టి మార్చడు. సాయంత్రం బోర్డు మీద 4.2 టన్నులు అని పచ్చరంగు పడుతుంది. నూక బస్తాలు గోడౌన్‌లో కొండెక్కుతాయి. ప్రభుత్వానికిచ్చే పచ్చి బియ్యంలో నూకకి ఒక పరిమితి ఉంటుంది (ఏళ్ల తరబడి అది 25 శాతం), అది దాటితే లాట్ వెనక్కొస్తుంది.

సరే, టన్నులు వద్దు, రాబడి మీద పెడదాం అంటారు. ప్రభుత్వం ఇచ్చిన ధాన్యం ఆడి బియ్యం తిరిగిచ్చే కస్టమ్ మిల్లింగ్‌లో క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి, ఉప్పుడు బియ్యమైతే 68. ఆ అంకె ఒక్కటే చూపిస్తే పాలిష్ తగ్గుతుంది. తవుడు గింజ మీదే ఉండిపోయి తూకం పెరుగుతుంది, రంగు మాత్రం ఒప్పుకోరు. లేకపోతే తేమ 14 శాతం దాటుతుంది. ఎవరూ మోసం చేయాలని చేసింది కాదిది. అడిగిన అంకెని తెచ్చి ఇచ్చారు, అంతే. బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానం గురించి చెప్పిన మాట, తర్వాతివాళ్లు క్లుప్తం చేసిన రూపంలో, షెల్లర్ దగ్గరా వర్తిస్తుంది: కొలతనే టార్గెట్ చేసేస్తే అది మంచి కొలతగా మిగలదు.

మందు కొత్తదేం కాదు. ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ అంకెలు జంటగా పెట్టమనేవాడు: ఒకటి ఎంత చేశాం, రెండోది ఎలా చేశాం. మిల్లులో గంటకి టన్నులు, పక్కనే నూక శాతం. పీలింగ్ షెడ్డులో గంటకి కిలోలు, పక్కనే ఇచ్చిన సరుకుకి తేలిన మాంసం శాతం. కిలోలొక్కటే చూస్తే చెయ్యి తొందరపడుతుంది, తోక దగ్గర మాంసం పొట్టుతో పాటు తెగి చెత్తబుట్టలోకి పోతుంది. శాతం ఎంత ఉండాలో పక్క ప్లాంట్‌ని చూసి పెట్టకండి. మీ దగ్గరే అదే కౌంట్‌కి గడిచిన నాలుగు వారాల సగటు తీసి అక్కడ మొదలుపెట్టండి, 40 కౌంట్‌కీ 80 కౌంట్‌కీ వేరువేరుగా. రెండు కౌంట్లని కలిపి సగటు చేస్తే, చిన్న రొయ్య ఎక్కువొచ్చిన రోజు పనివాళ్లకి ఊరికే చీవాట్లు పడతాయి.

జంటలో రెండే ఉండాలి, మూడో అంకె వద్దు. మూడోది చేర్చిన రోజు నుంచి ఎవరికి వీలైన అంకె వాళ్లు చూపించుకుంటారు.

అలవాటు టార్గెట్: ఫలితం ఆలస్యమైన చోట

చెరువు మేనేజర్‌కి ఎకరానికి ఇన్ని టన్నులని చెప్పి వదిలేస్తే అతనికి 100 రోజుల పాటు చేతికి ఏ ఆధారమూ ఉండదు. తప్పు తెలిసేసరికి పంట అయిపోతుంది. ఇక్కడ ఫలితాన్ని కాకుండా ఫలితాన్ని తెచ్చే పనినే టార్గెట్ చేయాలి. తెల్లవారుజామున 4 నుంచి 5 లోపు డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగ్ ఉదాహరణకి తీసుకోండి. రాత్రంతా నీటిలో కిరణజన్య సంయోగక్రియ ఉండదు, రొయ్యా నాచూ బురదలో సూక్ష్మజీవులూ అన్నీ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే పొద్దు పొడిచే ముందు అది అట్టడుక్కి పోతుంది. 9 గంటలకి టిఫిన్ చేసొచ్చి చూసిన రీడింగ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది, అది చూసి నిశ్చింతగా ఉంటే నష్టమే. టార్గెట్ ఇలా ఉండాలి: వారంలో 7 రోజులూ 5 లోపు రీడింగ్, 4 పీపీఎం కంటే తక్కువుంటే ఏరేటర్లన్నీ వేసి పొద్దుటి మేత ఆపడం, మేత వేసిన రెండు గంటలకి, ఎంత తిన్నాయో తెలియడానికి నీటిలో ఉంచిన చెక్ ట్రే ఎత్తి చూడటం, వారానికోసారి వల విసిరి సగటు బరువు రాయడం. వారం చివర లెక్క టన్నుల్లో ఉండదు. '7లో 6' అని ఉంటుంది.

దీనికీ ఒక లోపముంది. అలవాటు టార్గెట్ పెట్టినచోట పుస్తకం నింపడమే పనైపోవచ్చు. వారం రోజుల రీడింగులు ఒకే పెన్నుతో, ఒకే వాలులో, 4.5, 4.6, 4.5 అని వరసగా కనిపిస్తే అవి గట్టు మీద రాసినవి కావు, గదిలో కూర్చుని రాసినవి. మీటర్ స్క్రీన్ ఫోటోని టైముతో పంపమంటే ఇది చాలావరకు ఆగుతుంది. పది రోజులకోసారి మీరే 4.30కి గట్టు మీద కనిపిస్తే పూర్తిగా ఆగుతుంది.

కొత్తగా సూపర్‌వైజర్ అయినవాళ్లకి కూడా ఇదే సరైనది. పని ఇంకా చేతికి అలవాటు కాని మనిషికి పెద్ద అంకె ఇస్తే కంగారులో నేర్చుకోవడమే ఆగిపోతుంది. లాక్, లాథమ్‌లు కూడా క్లిష్టమైన కొత్త పనికి నేర్చుకునే లక్ష్యమే మేలని రాశారు. మొదటి రెండు నెలలు ఉత్పత్తి అంకె వద్దు. షెల్లర్ సందు సొంతంగా సరిచేయడం, బ్లాస్ట్ ఫ్రీజర్ లోడింగ్, జీతాల షీట్ సరిచూడటం, ఇలా నాలుగు పనులు తేదీలతో రాసివ్వండి. అవి వచ్చాక అంకె ఇవ్వండి.

హెచ్చరిక గీతలు: పెరగాల్సిన అవసరం లేని వాటికి

ధవళేశ్వరం దగ్గర గోదారికి ఎవరూ టార్గెట్ పెట్టరు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, బ్యారేజీ నుంచి 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులకి రెండోది, 13 లక్షలు. 17.75కి మూడోది, 17 లక్షలు. ఏ గీత దగ్గర పడవలు ఆపాలో, ఎక్కడ లంకవాళ్లని గట్టెక్కించాలో ముందే రాసి ఉంటుంది. నీళ్లొచ్చాక మీటింగ్ పెట్టి ఆలోచించరు.

ఆఫీసుల్లో కేపీఐలని (పని తీరు చూపే ముఖ్యమైన అంకెలు) పిలిచేవాటిలో సగం ఈ జాతివే: కోల్డ్ స్టోర్ ఉష్ణోగ్రత, డీజిల్ నిల్వ, గైర్హాజరీ, ఫిర్యాదులు. వీటికి 'పది శాతం మెరుగుపరచాలి' అన్న టార్గెట్ పెట్టడం అర్థం లేని పని. గీతలు గీయండి. ఉదాహరణకి కోల్డ్ స్టోర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. మైనస్ 16కి వస్తే ఆపరేటర్ మెయింటెనెన్స్‌కి ఫోన్ చేయాలి. మైనస్ 14కి తలుపులు మూత, లోడింగ్ బంద్, షిఫ్ట్ ఇన్‌చార్జ్ అక్కడికి రావాలి. మైనస్ 12కి సరుకు రెండో గదికి మార్చడం, మేనేజర్‌కి ఏ వేళైనా ఫోన్. ప్రతి గీతకీ ఒక మనిషి, ఒక పని ఉండాలి. మూడో గీత దగ్గర చేయాల్సిన పనికి పై అనుమతి కావాలంటే ఆ అనుమతి ఈ రోజే, గీత గీసేటప్పుడే తీసుకుని ఉంచండి. రాత్రి పూట ఎవరూ ఫోన్ ఎత్తకపోతే సరుకు కరిగేది మన గదిలోనే.

ఓకేఆర్: మార్పు కావాలనుకున్నప్పుడు మాత్రమే

ఓకేఆర్ అంటే ఉద్దేశం, దాని కీలక ఫలితాలు (Objectives and Key Results). గ్రోవ్ ఇంటెల్‌లో 1970లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పెట్టుబడిదారు జాన్ డోర్ 1999లో గూగుల్‌కి తీసుకెళ్లాక ప్రపంచమంతా పాకింది. ఒక ఉద్దేశం, దాని కింద మూడు నుంచి అయిదు కొలవగల ఫలితాలు, మూడు నెలలకోసారి లెక్క. గూగుల్‌లో 60, 70 శాతం వస్తే బాగా చేసినట్టే, అంతకంటే తేలిగ్గా వస్తే లక్ష్యమే చిన్నదని అర్థం.

ఈ 70 శాతం మాట దగ్గరే మన షెడ్డుల్లో తేడా కొడుతుంది. బయ్యర్‌కి కంటైనర్ ఎక్కించాల్సిన తేదీని 70 శాతం అందుకోవడమంటూ ఉండదు. అందుకని రోజువారీ ఉత్పత్తికి ఓకేఆర్ పెట్టకండి. ఇప్పటిదాకా చేయని పని మొదలుపెట్టాలన్నప్పుడే వాడండి. 2025 ఆగస్టులో భారత సరుకు మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల ప్లాంట్లకి ఎదురైంది అచ్చం ఇలాంటి పరిస్థితే. అప్పుడు 'అమ్మకం ఇంత' అన్న టార్గెట్ చేతిలో లేనిదైపోయింది. చేతిలో ఉన్నది ఇదీ: ఒకే దేశం మీద ఆధారం తగ్గించుకోవడం ఉద్దేశం, వేరే మార్కెట్లలో ముగ్గురు కొత్త బయ్యర్లకి శాంపిల్ ఒప్పించడం, వాళ్లడిగే ప్యాకింగ్ సైజులో రెండు ట్రయల్ బ్యాచ్‌లు తీయడం, ఆ దేశపు లేబుల్, పరీక్షల కాగితాలు పూర్తిచేయడం దాని కింది ఫలితాలు. మూడింటిలో రెండు జరిగినా ముందడుగే.

ఓకేఆర్‌ని బోనస్‌కి ముడిపెడితే మర్నాటి నుంచే అందరూ తేలిగ్గా అందే లక్ష్యాలు రాస్తారు. బోనస్ ఇవ్వాలంటే జంట అంకెల మీద ఇవ్వండి, దీని మీద వద్దు.

ఎవరికేది అని ఒక్క మాటలో అడిగితే: గంటల్లో ఫలితం తెలిసే ఫ్లోర్‌కి జంట అంకెలు. చెరువు, హేచరీ, నర్సరీ, కొత్త సూపర్‌వైజర్లకి అలవాటు టార్గెట్. నిలకడగా ఉంటే చాలనుకునే వాటికి గీతలు. ఓకేఆర్ ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు, అదీ యజమానో ప్లాంట్ హెడ్డో స్వయంగా మోస్తేనే. నాలుగూ ఒకేసారి ప్రవేశపెట్టేవాళ్లని చూస్తే ఇంటర్నెట్‌లో నిన్న రాత్రే చదివారని తెలిసిపోతుంది.

మూడు నెలల లెక్కా, పంటకాలం లెక్కా?

కంపెనీ క్వార్టర్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. డెల్టా పని అలా నడవదు. ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా (రబీ వరి) మాసూళ్లు, మిల్లు ఊపిరాడని రోజులు. కాలువలు కట్టేసేది, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదీ ఈ మధ్యలోనే. జూలై, ఆగస్టుల్లో గోదారి వస్తే లంకల నుంచి వచ్చే పనివాళ్లు వారం పాటు రాలేరు. నవంబర్, డిసెంబర్‌లలో సార్వా (ఖరీఫ్) ధాన్యం, దాని వెనకే తుపాను భయం. జనవరి రెండో వారం నుంచి పెద్దపండగ. భోగి నుంచి ముక్కనుమ దాకా కోడిపందేల బరి దగ్గర ఉండే మనిషికి 15వ తేదీ గడువు పెట్టి ప్రయోజనం లేదు, పండగ వెళ్లిన సోమవారం పెట్టండి.

అకౌంట్స్‌కి, బ్యాంకుకి, పన్నుకి ఏప్రిల్–మార్చి లెక్క తప్పదు. పని టార్గెట్‌లని మాత్రం పంటకాలంతో కట్టుకుంటేనే మేలు. మిల్లుకి రెండు ఆడే కాలాలు, మధ్యలో ఒక బాగుచేసుకునే కాలం. దాళ్వాని దాళ్వాతోనే పోల్చాలి. గత క్వార్టర్‌తో పోలిస్తే పెరిగినా తగ్గినా అర్థమేం ఉండదు. చెరువుకి పంటే క్వార్టర్. ముఖ్యమైనవే అయినా తొందర లేని పనులు, అంటే బేరింగులు మార్చడం, కొత్తవాళ్లకి ట్రైనింగ్, ముఠాతో రేట్ల మాట, పాత బాకీల లెక్క, సీజన్ లేని నెలల్లోనే పెట్టుకోవాలి. ఆ పనికి ఎన్ని రోజులు పడుతుందో మనసులో అనుకున్నది నమ్మకండి. పోయిన మూడేళ్లు నిజంగా ఎన్ని రోజులు పట్టిందో పుస్తకం తీసి చూడండి. మనుషులు తమ పని ఎప్పుడూ అనుకున్నదాని కంటే తొందరగా అయిపోతుందనుకుంటారని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లోనే గుర్తించారు. మిల్లు ఓవర్‌హాల్ దానికి మంచి రుజువు.

రోజు నడిపే అలవాట్లు: ఏది దేనికంటే మేలు

పొద్దుటి మీటింగా, పొద్దుటి తిరుగుడా? ఒకటే కుదిరితే తిరుగుడే. షిఫ్ట్ మొదలైన పావుగంటకి బయల్దేరి, ప్రతిరోజూ ఒకే దారిలో, సరుకు వచ్చే గేటు నుంచి సరుకు వెళ్లే గేటు దాకా 30 నిమిషాలు. తిరిగేటప్పుడు మూడే ప్రశ్నలు: నిన్న ఎంత, ఈ రోజు ఏది ఆపేలా ఉంది, నా వల్ల కావాల్సిందేంటి. మూడోది అడగకపోతే అది తనిఖీ అవుతుంది, జనం మూసుకుపోతారు. అడగడంలో తీరు కూడా ముఖ్యమే. "ఏమ్మా, మూడో టేబుల్‌కి నిన్న ఐస్ ఆలస్యమైందా?" అంటే జవాబొస్తుంది. "నిన్నెందుకు తగ్గింది?" అంటే చేతులే కదులుతాయి, నోరు కదలదు. వయసులో పెద్ద మేస్త్రీతో తప్పు మాట్లాడాల్సొస్తే "మేస్త్రీగారూ, ఒక్కసారిలా రండి" అని పక్కకి పిలవండి. పదిమందిలో అంటే ఆ రోజు ముఠా మొత్తం చేతులు కట్టుకుంటుంది.

మీటింగ్ పెట్టాలంటే నిలబడే 10 నిమిషాలు, బోర్డు ముందే. కుర్చీలు వేస్తే టీ వస్తుంది, టీ వస్తే 40 నిమిషాలు.

బోర్డా, నోట్‌బుక్కా, వాట్సాపా? మూడూ మూడు పనులు చేస్తాయి. నోట్‌బుక్ మీ జ్ఞాపకం కోసం: పొడవాటి రూళ్ల పుస్తకంలో ఎడమ పేజీ నిన్నటి లెక్క, కుడి పేజీ ఈ రోజు పని, కుడి పేజీలో మూడు పనులు దాటకూడదు. బోర్డు అందరి కోసం. మనుషుల పేర్లు రాయకండి, టేబుల్ నంబరో లైన్ నంబరో రాయండి. ఒడిశా నుంచి, ఇంకా పైనుంచి వచ్చినవాళ్లు కూడా పనిచేసే చోట తెలుగు వాక్యాలు పెద్దగా పనికిరావు, అంకె, ఎరుపు–పచ్చ రంగు చాలు. రొయ్యల ప్లాంట్ లోపల సుద్దముక్క, గుండుసూది, స్టేప్లర్ పిన్ను సరుకులో పడితే పెద్ద గొడవ. అక్కడ బోర్డు బట్టలు మార్చుకునే గది గోడకి, చెమ్మకి తట్టుకునే యాక్రిలిక్ షీట్ మీద ఉండాలి. వాట్సాప్ గ్రూపు జరిగింది చెప్పడానికే తప్ప పని అప్పగించడానికి కాదు. అప్పగించిన పని గుడ్ మార్నింగ్ గులాబీల కింద మునిగిపోతుంది, సాయంత్రానికి "చూడలేదండీ" అంటారు, అది నిజం కూడా. గ్రూపులో రోజుకి ఒక్కటే తప్పనిసరి: షిఫ్ట్ అయ్యాక బోర్డు ఫోటో.

పనుల చిట్టానా, వేళలు కట్టుకోవడమా? ఫ్లోర్ మీద ఉండే మనిషికి చిట్టానే. గంటగంటకీ ప్లాన్ వేసుకున్నా ధాన్యం ట్రాక్టర్లు వేళ చెప్పి రావు. ఆఫీసు పనీ ఫ్లోర్ పనీ రెండూ ఉన్న మేనేజర్ మాత్రం రోజుకి ఒక్క గంట కట్టుకోవాలి. ఏ గంట? ఫోన్‌లో వారం రోజుల కాల్ లిస్టు తీసి, ఏ గంటలో కాల్స్ తక్కువొచ్చాయో చూడండి, అదే గంట. చాలామంది పొద్దున్నే 10 గంటలకి పెట్టుకుని ఓడిపోతారు. రైతులూ బ్రోకర్లూ అధికారులూ వచ్చేది ఆ వేళకే. ఇరవై అయిదు నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే పోమొడోరో పద్ధతిని ఫ్రాన్సెస్కో చిరిల్లో 1980ల చివర్లో చదువు కోసం పెట్టుకున్నాడు. అకౌంట్స్ గుమాస్తాకి బాగా పనిచేస్తుంది, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి కాదు.

వారం సమీక్షని విడిగా ఒక రోజు పెట్టకుండా కూలి లెక్క కట్టే రోజుకే కట్టేయండి. అంకెలన్నీ ఆ రోజు ఎలాగూ బల్ల మీద ఉంటాయి. అరగంట చాలు.

అలవాటు నిలబెట్టడం

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు దానంతటదే జరిగేలా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254. ఒక రోజు తప్పితే కొంప మునగలేదు. కాబట్టి 21 రోజుల్లో అలవాటైపోతుందనే సవాళ్లని నమ్మి 22వ రోజున డీలా పడకండి. సీజన్ మధ్యలో మొదలుపెట్టడమూ వద్దు. మిల్లువాళ్లు సెప్టెంబర్‌లో మొదలుపెడితే సార్వా ధాన్యం యార్డుకి వచ్చేసరికి చేతికి అలవాటైపోతుంది.

అలవాటుని గడియారానికి కట్టకుండా ఇప్పటికే జరిగే పనికి కట్టండి. 'ఉదయం 6.45కి తిరుగుడు' అని కాదు, 'గేటు దగ్గర హాజరు పుస్తకంలో సంతకం పెట్టగానే, గదిలోకి వెళ్లకుండానే తిరుగుడు' అని. ఇది జరిగితే అది చేస్తాను అన్న వాక్యంగా ముందే రాసుకున్నవాళ్లు అనుకున్న పని ఎక్కువగా చేస్తారని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చూపించాడు. అడ్డంకులకి కూడా ఇలాంటి వాక్యాలు రాసుకోండి: కరెంటు పోయి ఉంటే ముందు జనరేటర్ గది, అక్కణ్నుంచి తిరుగుడు, నేను ఊళ్లో లేకపోతే ఫలానా మనిషి, అదే మూడు ప్రశ్నలతో. గదిలోకి ఒక్కసారి అడుగుపెడితే సంతకాల కాగితాలు కూర్చోబెట్టేస్తాయి, అందుకే బ్యాగు కూడా గేటు దగ్గరే పెట్టేయడం నయం.

నెలకోసారి బోర్డు మీద ప్రతి అంకెనీ ఇలా పరీక్షించండి: గడిచిన నాలుగు వారాల్లో ఈ అంకె చూసి ఎవరైనా ఏదైనా పని మార్చారా? మార్చకపోతే తుడిచేయండి. ఎవరైనా "అదేమైందండీ" అని అడిగితే మళ్లీ రాయొచ్చు. సాధారణంగా అడగరు.